ఫోన్ డెస్కు దాటాక ఎటు?

మీ చేత మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెట్టించిన మనిషి ఎవరో మీకు తెలుసు. బ్యాంకు కౌంటర్ అవతల కూర్చున్న ఆఫీసరో, ఇదివరకు మీకు ఎల్‌ఐసీ పాలసీ రాసిన ఏజెంటో, ఊళ్లో చిన్న గది అద్దెకు తీసుకున్న డిస్ట్రిబ్యూటరో అయి ఉంటారు. ఆ మనిషికి ఆ ఫండ్ గురించి చెప్పి, సందేహాలు తీర్చి, పంపిన ఫారం వెనక్కి రాకుండా చూసిన ఇంకో మనిషి ఉంటారు. హైదరాబాద్‌లో ఏదో ఒక ఫండ్ కంపెనీ ఆఫీసులో హెడ్‌సెట్ పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా డిస్ట్రిబ్యూటర్లతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగి. అమ్మేవాళ్లకు అమ్మే కొలువు అది. అమెరికాలో ఈ పని చేసేవాళ్లను ఇంటర్నల్ హోల్‌సేలర్లు అంటారు. మన దగ్గర ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది: వర్చువల్ ఆర్‌ఎం, ఇన్‌సైడ్ సేల్స్, పార్ట్‌నర్ డెస్క్. లోపల పనిచేసే మేము ఉత్తగా డెస్కు అనేవాళ్లం.

నేను కొన్నేళ్లు ఆ డెస్కు మీద ఉన్నాను. తర్వాత హన్మకొండ కేంద్రంగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల డిస్ట్రిబ్యూటర్ల దగ్గరికి తిరిగే ఫీల్డ్ ఉద్యోగానికి మారాను. ఇప్పుడు జనగామలో సొంతంగా డిస్ట్రిబ్యూటర్‌గా పనిచేస్తున్నాను. డెస్కు మీద మన జిల్లాల పిల్లలు చాలామంది ఉన్నారు. రెండో ఏడో మూడో ఏడో వచ్చేసరికి ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "అక్కా, ఇక్కడ్నించి ఎటు పోవాలె?"

ఆ ప్రశ్న వాళ్ల ఒక్కరిదే అనుకోను. ఏ పిల్ల ఎటు వెళ్తుందన్న దాన్నిబట్టే మీ ఇంటి డబ్బు గురించి రేపు మీతో మాట్లాడే మనిషి ఎవరో తేలుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ డెస్కు మీద జరిగేదేమిటో చెప్పాలి. పొద్దున్నే స్క్రీన్ మీద ఒక జాబితా ఉంటుంది. ఫలానా డిస్ట్రిబ్యూటర్ నెలగా కొత్త సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) ఒక్కటీ పంపలేదు, ఫలానా ఆయన కస్టమర్లు ముగ్గురు డబ్బు వెనక్కి తీసుకున్నారు, ఫలానా ఆమెకు కమీషన్ స్టేట్‌మెంట్‌లో తేడా వచ్చింది. వరసగా ఫోన్లు చేయాలి. కొత్త ఫండ్ వస్తే దాని గురించి చెప్పాలి. కానీ బయటివాళ్లు అనుకున్నట్టు ఎప్పుడూ ఫండ్ల గొప్పలు చెప్పే పని ఉండదు. సగానికి పైగా సమయం కాగితాలకే పోతుంది. 2024 ఏప్రిల్ నుంచి కేవైసీని వ్యాలిడేటెడ్, రిజిస్టర్డ్, ఆన్ హోల్డ్ అని విడదీశాక అయితే మరీను. పాన్ కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు. పెళ్లయిన అమ్మాయికి ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు. బ్యాంకు పుస్తకంలో మరోలా. మన తెలుగువాళ్ల పేర్లకు ఈ చిక్కు ఎక్కువ. అది విప్పడం తెలిసినవాళ్లకు ఫండ్ ఖాతాల రికార్డులు చూసే రిజిస్ట్రార్ల పద్ధతులు కూడా వచ్చేస్తాయి. చెన్నైలోని క్యామ్స్ ఏం అడుగుతుంది, మన హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్ ఏం అడుగుతుంది, ఏ కాగితం లేకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది అన్నవన్నీ నోటికొస్తాయి.

అన్నిటికన్నా బరువైనది చనిపోయినవాళ్ల డబ్బు ఇంట్లోవాళ్లకు చేర్చే పని. నామినీ రాసి ఉంటే ఒక తీరు, లేకపోతే ఇంకో తీరు. మరణ ధ్రువపత్రంలో పేరు తప్పుంటే మళ్లీ మున్సిపాలిటీ చుట్టూ తిరగాలి. ఆ ఇంటివాళ్లతో నేరుగా మాట్లాడేది డిస్ట్రిబ్యూటర్. ఏం చేయాలో అతనికి చెప్పేది డెస్కు. ఒక ఇల్లాలికి భర్త దాచిన సొమ్ము ఆగకుండా చేరిందంటే, అందులో పేరు తెలియని ఒక డెస్కు పిల్ల కష్టం ఉంటుంది. ఈ పనికి కంపెనీలు ఇచ్చే విలువ తక్కువనే నా అభిప్రాయం. నెలాఖరు లెక్కల్లో కనిపించేది ఎంత డబ్బు వచ్చిందన్నది మాత్రమే.

ఇలా కొన్నేళ్లు గడిస్తే చేతికి వచ్చేదేమిటి? ఒకే రోజు జనగామ, ఖమ్మం, రాజమండ్రి, ఆదోని డిస్ట్రిబ్యూటర్లతో మాట్లాడినప్పుడు, మార్కెట్ పడిన వారంలో ఎవరు కస్టమర్లను పట్టి నిలిపారో, ఎవరు తామే భయపడి అమ్మించారో చెవికి తెలుస్తుంది. 2020 మార్చిలో కరోనా దెబ్బకు మార్కెట్ కుప్పకూలినప్పటి మాటలు ఈ వృత్తిలో ఉన్న ఎవరూ మరిచిపోరు. మంచి డిస్ట్రిబ్యూటర్ ఎలా మాట్లాడతాడో అంత దగ్గర నుంచి వినే అవకాశం ఇంకే ఉద్యోగంలోనూ రాదు. డెస్కు పిల్లలు ఉద్యోగం మారేటప్పుడు తమ చదువు, తమకొచ్చిన ఎక్సెల్, తమ ఇంగ్లిషు గురించి చెప్పుకుంటారు. ఇంటర్వ్యూలో నేను అడిగేదాన్నయితే, మీరు విన్నవాళ్లలో అందరికన్నా బాగా పనిచేసే డిస్ట్రిబ్యూటర్ ఏం చేస్తాడో చెప్పమని అడుగుతాను.

ఇక దారుల సంగతి. పెద్ద నగరాల్లోనే ఉండేవాళ్లకు కొన్ని ఉన్నాయి. ప్రైవేటు బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ కావచ్చు. జీతం బాగుంటుంది, బీమా, ఫండ్లు, అప్పులు అన్నీ అమ్మాలి, మూడు నెలలకోసారి లక్ష్యం కొత్తగా మొదలవుతుంది. ధనవంతుల పెట్టుబడులు చూసే సంస్థలకు వెళ్లవచ్చు. పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సేవకు కనీసం 50 లక్షలు, ఆల్టర్నేటివ్ ఫండ్లకు కోటి, 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లకు 10 లక్షలు పెట్టాలి కాబట్టి అక్కడి కస్టమర్లు వేరే లోకం. కంపెనీల ఖజానా సొమ్ము చూసే ఇన్‌స్టిట్యూషనల్ సేల్స్ ఉంది, దానికి బాండ్ల లెక్కలు గట్టిగా రావాలి. ఇవన్నీ మంచి ఉద్యోగాలే. వాటి గురించి చెప్పేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు కాబట్టి నేను అక్కడ ఆగను.

నేను చెప్పదలచుకున్నది మన జిల్లాల వైపు తిరిగే దారి గురించి.

డెస్కు నుంచి సహజంగా దొరికే మొదటి మెట్టు ఫీల్డ్. ఫోన్‌లో మాట్లాడిన డిస్ట్రిబ్యూటర్ల ఎదుటే ఇప్పుడు కూర్చుంటారు. వరంగల్ చుట్టుపక్కల జిల్లాలకు ఫండ్ కంపెనీల మనుషులు ఎక్కువగా హన్మకొండలోనే ఉంటారు. అక్కడి నుంచి జనగామ ఒక పక్క, మానుకోట ఇంకో పక్క, భూపాలపల్లి మరో పక్క. మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్లం మానుకోట అనే పిలుచుకుంటాం. జనగామకు, మానుకోటకు రైలుంది. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల, రేగొండ మీదుగా బస్సే గతి. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. కలెక్టరేట్లు వచ్చాయి, ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, వాళ్ల వెనక బ్యాంకులూ వచ్చాయి. డిస్ట్రిబ్యూటర్లు మాత్రం అంత త్వరగా రాలేదు.

మూడు ఊళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటే. ఫండ్ ఎంత మంచిదన్న దానికన్నా, ఈ ఇంటికి పైసలు ఏ నెలలో వస్తాయి, ఏ నెలలో కావాలి అన్నది ముందు తెలియాలి. అది ఫోన్‌లో తెలియదు. స్క్రీన్ మీద మూడు ఊళ్లూ ఒకే జాబితాలో ఉంటాయి. మూడింటి డబ్బు నడక మూడు రకాలు.

జనగామ హైదరాబాద్‌కు దగ్గర. పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో పనిచేసి రాత్రికి తిరిగొచ్చేవాళ్లున్నారు. టీచర్లు, ప్రభుత్వ ఉద్యోగులు, బట్టల దుకాణాలవాళ్లు, పత్తి, వడ్లు కొనే వ్యాపారులు ఉన్నారు. పక్కనే పెంబర్తిలో ఇత్తడి పని చేసే కుటుంబాలున్నాయి. ఆర్డరు వచ్చిన నెల ఒక తీరు, రాని నెల ఇంకో తీరు. ఉద్యోగుల విషయంలో ఒక తేదీ తెలిసి ఉండాలి: 2004 సెప్టెంబర్ 1. ఆ రోజు నుంచి చేరిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు పాత పెన్షన్ లేదు, జీతంలోంచి కొంత కట్టుకునే సీపీఎస్ ఉంది. ఒకే స్కూల్లో, ఒకే స్టాఫ్ రూములో, పాత పెన్షన్ ఉన్న హెడ్ మాస్టరు, అది లేని టీచరు పక్కపక్కన కూర్చుంటారు. ఆ టీచరుకు పాతికేళ్ల సిప్ గురించి చెప్పడం అవసరం. హెడ్ మాస్టరుకు అదే మాట అదే తీరున చెప్పడం తెలివితక్కువతనం. జనగామవాళ్లకు ఇంకో సంగతి: ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేరుగా కొనగలిగినవాళ్లు ఇక్కడ ఎక్కువ. 2013 జనవరి 1 నుంచి డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి, వాటిలో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ. ఆ మాట దాచకుండా చెప్పాలి. "నేను సొంతంగా చూసుకోగల మేడం" అన్నవాళ్లకు చూసుకొమ్మనే చెప్తాను. మార్కెట్ పడ్డప్పుడు పక్కన ఒక మనిషి కావాలనుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తారు.

మానుకోట వేరు. అక్కడ పైసల పండుగ మిర్చితో వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కేసముద్రం యార్డు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ ఎర్రగా ఉంటాయి. పత్తి సొమ్ము అంతకు ముందే, దసరా తర్వాత మొదలై సంక్రాంతి దాకా కొద్దికొద్దిగా వస్తుంది. మళ్లీ జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు చేతిలో ఉన్నదంతా పోతుంది. ఆ ఇంటికి నెలనెలా ఐదో తేదీన బ్యాంకు నుంచి కోసుకునే సిప్ రాయించడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఆగస్టులో ఖాతాలో డబ్బుండదు, మ్యాండేట్ తిరిగొస్తుంది, బ్యాంకు జరిమానా వేస్తుంది. రైతు అది చూసి, "నువ్వు చెప్తే కట్టిన, నాకే ఫైన్ వేసిన్రు" అంటాడు. నిజమే కదా! మిర్చి అమ్మిన నెలలో ఒక మొత్తాన్ని లిక్విడ్ ఫండ్‌లో పెట్టి, అందులో జూన్ ఖర్చును పక్కన ఉంచి, మిగిలినదాన్ని నెలకింత చొప్పున ఈక్విటీ ఫండ్‌లోకి మార్చే సౌకర్యం ఉంది. ఎస్‌టీపీ అంటారు దాన్ని. ఎక్కడో రాసిన నెలవారీ లక్ష్యాలకు ఇది సరిపోదు కానీ, తొర్రూరు, కురవి, డోర్నకల్ వైపు ఇళ్లకు సరిపోయేది ఇదే.

ఈ జిల్లాలో లంబాడ తండాలు చాలా ఉన్నాయి. తండా ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో ఏళ్ల తరబడి నెలనెలా కట్టిన క్రమశిక్షణ ఉన్నవాళ్లు. 2025 ఫిబ్రవరిలో ఎస్‌బీఐ మ్యూచువల్ ఫండ్ 250 రూపాయలతో జన్‌నివేశ్ సిప్ మొదలుపెట్టింది. అంతకుముందు నూరు, అయిదు వందల సిప్‌లూ ఉన్నాయి. నెలకు 250 అంటే ఏడాదికి 3,000 రూపాయలు. దాని మీద డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చేది పదుల రూపాయల్లో ఉంటుంది. తండాకు ఒకసారి వెళ్లిరావడానికి పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. కాబట్టి ఈ పని ఒక్కరొక్కరి ఇంటికి తిరిగి చేసేది కాదు, సంఘం కూర్చున్న రోజున వెళ్లి అందరితో ఒకేసారి మాట్లాడి చేసేది.

భూపాలపల్లి కథ సింగరేణి కథ. కేటీకే బొగ్గు గనులు, ఓపెన్‌కాస్ట్, వాటికి తోడు చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. గనిని బాయి అంటారు అక్కడ. బాయి పనివాళ్లకు నెల జీతం కచ్చితం. దసరాకు ముందు లాభాల వాటా, దీపావళికి బోనసు. 2024-25 లాభాల్లోంచి 819 కోట్ల రూపాయలు సంస్థ మొత్తం మీద కార్మికులకు వాటాగా ప్రకటించారు. ఆ నెలలో భూపాలపల్లి బజారులో బైకులు, బంగారం, ఫ్లాట్ల బ్రోచర్లు ఎలా తిరుగుతాయో చూసినవాళ్లకు తెలుసు. అందరూ ఆ డబ్బు కోసమే వస్తారు. ఫండ్ల వాళ్లమూ వస్తాం.

కానీ నాకు అక్కడ నిజంగా భయం కలిగించేది రిటైర్మెంట్ డబ్బు. ముప్ఫై ఏళ్లు బాయిలో పనిచేసిన మనిషి చేతికి గ్రాట్యుటీ, కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ ఒకేసారి వస్తాయి. పెన్షన్ 1998 నాటి పథకం కింద వస్తుంది. ధరలు పెరిగినకొద్దీ అది పెరగదు. అంటే చేతికొచ్చిన ఆ ఒక్క మొత్తమే ఆయన ముసలితనం, ఆమె మందులు, ఆఖరి బిడ్డ పెళ్లి. ఆ సొమ్మును చూసిన ఏ అమ్మకందారు కళ్లయినా మెరుస్తాయి. మొదటి ఏడాది కమీషన్ ఎక్కువగా ఉండే బీమా పథకంలో పదేళ్లు కట్టే ఒప్పందం మీద సంతకం చేయించేవాళ్లుంటారు. 60 దాటిన మనిషికి, జీతం ఆగిపోయిన మనిషికి, పదేళ్ల ప్రీమియం! ఇది చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను.

అలాంటి ఇంట్లో నేను మొదట చెప్పేది పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం గురించి. 2023 ఏప్రిల్ నుంచి అందులో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. దాని మీద నాకు రూపాయి రాదు. అది అయ్యాక మిగిలినదాంట్లో కొంత ఫండ్‌లో పెడదామా అని మాట్లాడతాం. "నీకేమొస్తదమ్మా మరి?" అని ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగాడు. మిగిలినదాని మీద ఏడాదికి నూటికి రూపాయి లోపే వస్తుందని, మీ డబ్బు ఉన్నన్నాళ్లు వస్తుందని, తీసేస్తే ఆగిపోతుందని చెప్పాను. ఆయన కాసేపు లెక్క వేసుకుని, "అయితే నేను బాగుంటేనే నువ్వు బాగుంటవన్నట్టు" అన్నాడు. ట్రెయిల్ కమీషన్ అంటే ఏమిటో అంత సులువుగా చెప్పినవాళ్లను నేను డెస్కు మీద వినలేదు.

ఈ కమీషన్ ఎప్పుడూ ఇలా లేదు. 2009 ఆగస్టు 1 దాకా కస్టమర్ డబ్బులోంచి ఎంట్రీ లోడ్ అని మొదటే కోసేవాళ్లు. ఈక్విటీ ఫండ్లలో సాధారణంగా నూటికి రెండుంపావు. మార్కెట్లను నియంత్రించే సెబీ దాన్ని ఎత్తేసింది. తర్వాత కంపెనీలు తమ జేబులోంచి ముందస్తు కమీషన్లు ఇచ్చాయి, 2018 అక్టోబరులో సెబీ వాటినీ ఆపించి, అంతా ట్రెయిల్ చేసింది. ఈ మార్పుల వల్ల ఎంతోమంది ఈ వ్యాపారం వదిలేశారు. నా దృష్టిలో అది మన జిల్లాలకు జరిగిన మంచి. ఒకసారి అమ్మి వెళ్లిపోయేవాళ్లకు ఇక్కడ పనిలేకుండా పోయింది.

మన పల్లెలకు అమ్మి వెళ్లిపోయేవాళ్ల అనుభవం తక్కువేమీ కాదు. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల వసూళ్ల బాధ పడలేక ప్రాణాలు తీసుకున్న కుటుంబాల వార్తలు ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఆ అక్టోబరులో ఆ వసూళ్లను అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. తర్వాత అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీ మునిగి లక్షల మంది డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. ఆ ఏజెంట్లు కూడా పరాయివాళ్లు కాదు, ఊరివాళ్లే, బంధువులే. అందుకే మీరు ఏ ఇంటికి వెళ్లినా మొదటి అరగంట ఇంటివాళ్లు మీ ఫండ్ గురించి మాట్లాడరు. "మొన్నొకాయన ఇట్లనే చెప్పిండు" అంటూ మొదలుపెడతారు. వినాలి. అడ్డం పడకూడదు. డెస్కు మీద నేర్చుకున్న వినే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ తర్వాత సెబీ అంటే ఎవరు, డబ్బు కంపెనీ చేతిలో కాకుండా కస్టోడియన్ దగ్గర ఎలా ఉంటుంది, ఏఆర్‌ఎన్ అనే డిస్ట్రిబ్యూటర్ నమోదు నంబరు పెట్టి నా పేరును ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ వెబ్‌సైట్‌లో మీరే ఎలా చూసుకోవచ్చు అన్నవి వాళ్ల ఫోన్‌లోనే వాళ్ల చేతే తీయించి చూపించాలి.

ఫీల్డ్ ఉద్యోగం నుంచి సొంతంగా డిస్ట్రిబ్యూటర్ కావడానికి కాగితాల అడ్డు పెద్దగా లేదు. ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ ఫైవ్-ఏ పరీక్ష పాసవ్వాలి. 100 మార్కులు, రెండు గంటలు, 50 వస్తే చాలు, మూడేళ్లు చెల్లుతుంది. డెస్కు మీద ఉన్నవాళ్ల చేత దాన్ని చేరిన కొత్తలోనే రాయించేస్తారు. తర్వాత యాంఫీ దగ్గర ఏఆర్‌ఎన్. ఆ పైన ఒక్కో ఫండ్ కంపెనీతో ఒప్పందం, లేదా బీఎస్‌ఈ స్టార్ లాంటి వేదిక ద్వారా అన్నీ ఒకచోట. కష్టమంతా ఆదాయంలో ఉంది. ఆ లెక్క ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తాను.

వంద కుటుంబాల చేత నెలకు 2,000 చొప్పున సిప్ కట్టిస్తున్నారనుకోండి. జనగామలాంటి ఊళ్లో వంద కుటుంబాల నమ్మకం సంపాదించడం చిన్న పని కాదు. నెలకు రెండు లక్షలు వస్తాయి. మొదటి ఏడాదిలో సగటున మీ కింద ఉన్న సొమ్ము 13 లక్షలు. ట్రెయిల్ ఏడాదికి నూటికి 80 పైసలు అనుకుంటే, ఆ ఏడాది మొత్తానికి మీ సంపాదన పదివేల నాలుగు వందలు. నెలకు కాదు, ఏడాదికి. అదే వంద కుటుంబాలు ఐదేళ్లు ఆపకుండా కడితే, లాభం లెక్కలోకి తీసుకోకుండానే కోటీ ఇరవై లక్షలవుతుంది, అప్పుడు ఏడాదికి దాదాపు 96 వేలు. అప్పటికీ ఒక ఇల్లు నడవదు. అయిదారు కోట్ల సొమ్ము మీ పేరు మీద నమ్మకంగా నిలిచినప్పుడు మాత్రమే ఇది బతుకుదెరువు అవుతుంది. అప్పటిదాకా ఏం తింటారు?

అందుకే ఈ దారిలో ఉన్నవాళ్లు చాలామంది బీమా కూడా చేస్తారు. ఐసీ-38 పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. ఆరోగ్య బీమా, కేవలం ప్రాణ రక్షణ ఇచ్చే టర్మ్ పాలసీ మన ఊళ్లకు చాలా అవసరం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి చెప్పడం తేలికైంది. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: కస్టమర్‌కు పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే తిరిగి ఇచ్చేందుకు 30 రోజుల గడువుంటుంది. ఆ మాట అమ్మే రోజే చెప్పేవాళ్లు మంచి ఏజెంట్లు. ఇంకో దారి, సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా నమోదై, కమీషన్ తీసుకోకుండా కస్టమర్ దగ్గరే ఫీజు తీసుకోవడం. 2024 డిసెంబరులో దాని అర్హతలు సడలించారు. కస్టమర్‌కు అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి అదేనని ఒప్పుకుంటాను. కానీ మానుకోటలో సలహాకు ఫీజు అడిగితే ఇచ్చే ఇళ్లు ఇంకా చాలా తక్కువ. డాక్టరుకు ఇచ్చినట్టు దీనికీ ఇచ్చే రోజు వస్తుందని నా నమ్మకం.

డెస్కు వదిలి వచ్చేవాళ్లు ఒక గీత దాటకూడదు. అక్కడి డిస్ట్రిబ్యూటర్ల జాబితా, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఎవరి దగ్గర ఎంత సొమ్ముందన్న వివరాలు కంపెనీవి, ఆ మనుషులవి. వాటిని ఫోన్‌లోకి ఎక్కించుకుని రావడం దొంగతనం. ఉద్యోగ ఒప్పందంలో ఏముందో రాజీనామాకు ముందే చదవాలి. మీతో ఏళ్లుగా మాట్లాడిన జనగామ డిస్ట్రిబ్యూటర్ రేపు మీకు పోటీదారు కూడా అవుతాడు. ఆయన కస్టమర్ల సంగతులు మీకు తెలుసునన్న అనుమానం ఆయనకు వస్తే ఈ చిన్న ఊళ్లో మీ పేరు మొదటి నెలలోనే పోతుంది. నేను వచ్చిన కొత్తలో ఇక్కడి పాత డిస్ట్రిబ్యూటర్లను వెళ్లి కలిశాను. "మీ ఇళ్లకు నేను రాను అన్నా, కొత్త ఇళ్లకు పోత" అని చెప్పాను. వాళ్లలో ఒకాయన, వయసు మీద పడుతోందని, తన కస్టమర్లను కొందరిని వాళ్ల ఇష్టంతోనే నాకు అప్పగించే మాట ఇప్పుడు మాట్లాడుతున్నాడు. ఇది కూడా ఒక దారే. మన జిల్లాల్లో మొదటి తరం డిస్ట్రిబ్యూటర్లు చాలామంది అరవై దాటారు. వాళ్ల పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు. వాళ్ల కస్టమర్లకు రేపు ఎవరున్నారు?

సెబీ కూడా ఇటు చూస్తోంది. పెద్ద 30 నగరాల అవతల కొత్త కస్టమర్లను తెచ్చినందుకు ఇచ్చే ప్రోత్సాహకం 2023 మార్చిలో ఆగిపోయింది. ఉన్న డబ్బునే తీసి మళ్లీ పెట్టించి ప్రోత్సాహకం గుంజుకున్నవాళ్లు ఉండటం దానికి ఒక కారణం. 2025లో కొత్త రూపంలో మళ్లీ ప్రకటించారు. ఇంతకు ముందు ఎక్కడా ఫండ్‌లో లేని కస్టమర్ అయి ఉండాలి, కనీసం ఏడాది నిలవాలి, మొదటి పెట్టుబడి మీద ఒక శాతం, అదీ 2,000 రూపాయలకు మించకుండా. కొత్తగా వచ్చే ఆడవాళ్ల విషయంలో ఊరితో పని లేకుండా ఇదే వర్తిస్తుంది. రెండు వేలు పెద్ద మొత్తం కాదు కానీ, ఇందాక చెప్పిన మొదటి ఏడాది లెక్కలో దానికి చాలా బరువుంది. తండాల్లో, బీడీలు చుట్టే ఇళ్లల్లో మొదటిసారి తమ పేరు మీద ఖాతా తెరిచే ఆడవాళ్లను సంఘం కూర్చున్న రోజున కలిసి వస్తే కనీసం దారి ఖర్చు దొరుకుతుంది.

ఈ మధ్య కేసముద్రం దగ్గరి ఊరి అమ్మాయి హైదరాబాద్ డెస్కు నుంచి ఫోన్ చేసింది. ఒక బ్యాంకు పిలుస్తోంది, జీతం ఎక్కువ, ఊరికి తిరిగి రావాలని కూడా ఉంది, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. బ్యాంకు ఉద్యోగం వద్దని నేను చెప్పలేదు. రెండేళ్లు చేయి, జీతంలో సగం దాచు, ఆరు నెలలు కాదు రెండేళ్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టు, పరీక్ష గడువు దాటనివ్వకు అని చెప్పాను. ఈలోగా సెలవు పెట్టి ఫిబ్రవరిలో వారం రోజులు ఇంటికి రమ్మన్నాను. యార్డులో నాన్న మిర్చి అమ్మిన రోజు ఎంత వచ్చింది, అడ్తి ఎంత పోయింది, అప్పులకు ఎంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది, మిగిలినది ఏ నెలదాకా ఉంటుంది అని ఒక నోటుబుక్కులో రాసుకొమ్మన్నాను. పక్కింటివాళ్లు ఒప్పుకుంటే వాళ్లదీ రాయమన్నాను. "అట్ల ఎన్ని ఇళ్లు రాయాలె అక్కా?" అంది. చెప్పినన్ని ఇళ్లు రాయమన్నాను. రైలు టికెట్ తీసుకున్నానని నిన్న మెసేజ్ పెట్టింది.